పావుగంట పార్కింగు, పాతిక నిమిషాల మినపరొట్టి

రోడ్డు పక్కన బండి ఆపుకునే హక్కు మనిషికి ఉండకూడదు. ఇది నా నిశ్చితాభిప్రాయం. కోపంలో అంటున్న మాట కాదు, బాగా ఆలోచించి, రెండు కప్పుల టీ తాగి మరీ చెబుతున్నాను.

మీరే చెప్పండి! ఈ లోకంలో ఆగడం వల్ల ఎవరికైనా మేలు జరిగిందా? మురుగునీరు ఆగితే దోమలు. ఆఫీసులో ఫైలు ఆగితే మనకు చెప్పులరుగుడు. బజారులో బండి ఆగితే ట్రాఫిక్ జామ్. కాబట్టి ఆగినవాడి జేబులో చెయ్యి పెడితే ఊరంతా దానంతటదే కదులుతుంది. ఇంత తేలికైన ఉపాయం మన ఖరగ్‌పూర్‌కి ఇన్నాళ్ళూ తట్టకపోవడమే నాకు వింతగా ఉంది!

ఈ ఏడాది హోలీ వెళ్ళిన వారంలో ఇందా బజారు రోడ్డుకి ఆ అదృష్టం పట్టింది. రద్దీ నివారణ కమిటీ అని ఒకటి వెలిసింది. దానికొక కన్వీనర్‌గారు, ఆయనకు బజారు మధ్యలో మేడమీద ఒక ఆఫీసు. రోడ్డు వారన పసుపు రంగుతో ఇరవై రెండు గళ్ళు గీశారు, గడికో నెంబరు వేశారు. పక్కన నీలం బోర్డు పెట్టారు. మొదటి పావుగంట ఉచితం. ఆ పైన అరగంటకింత. రద్దీ వేళల్లో దానికి రెట్టింపు.

రద్దీ వేళ అంటే ఏ వేళ అని జనం టోనిని అడిగారు. టోని అంటే డబ్బు వసూలు చేసే మనిషి. మూతపడిన సినిమా హాల్లో పాతికేళ్ళు టికెట్లు చింపి వచ్చినవాడు, మొహమాటం ఎరగడు. ‘తవరు వొచ్చిన ఏలే రద్దీ ఏల సార్’ అని మర్యాదగా జవాబిచ్చి, మెడలో వేలాడే మెషీన్ నొక్కి చీటీ చేతిలో పెట్టేవాడు.

ఇంత చక్కటి ఏర్పాటుని చూసి అందరూ సంతోషించారా? లేదు! మా గణపతిరావు ఏడుపు మొహం పెట్టాడు. ఆయన సంగతి చెబితేగాని పార్కింగు ధర గొప్పతనం మీకు బోధపడదు.

గణపతిరావు రిటైర్డ్ యార్డ్ మాస్టర్. తాతగారు టెక్కలి వైపు నుంచి వచ్చి ఇక్కడ రైల్వేలో చేరితే, మనవడు నింపురా యార్డులో ముప్పై ఆరేళ్ళు గూడ్సు బండ్లను ఈ లైను మీంచి ఆ లైను మీదికి మార్చే షంటింగ్ పని చేసి రిటైరయ్యాడు. ఇల్లు తాల్‌బగీచాలో. నిరుడు ఆయన రక్తంలో చక్కెర ఉన్నట్టు తేలింది. ఆ రోజు నుంచి భార్య రాధారాణి పొద్దున్నే ఓట్స్ అనే పదార్థాన్ని ఉడికించి ముందు పెడుతోంది. దాన్ని చూస్తే ఆయనకు గోడలకు పోస్టర్లు అంటించే పిండి గుర్తుకొస్తుంది.

అందుకని ఆయన రోజూ మార్నింగ్ వాక్‌కి వెళతాడు. స్కూటర్ మీద వెళతాడు. తిన్నగా ఇందా బజారులో అప్పలకొండ టిఫిను కొట్టు ముందు ఆగుతాడు.

అప్పలకొండ భర్త వర్క్‌షాపులో ఖలాసీగా పనిచేస్తూ పోయాడు. ఆమె పందొమ్మిదేళ్ళ కిందట ఒక ఇనప మూకుడు, రెండు బల్లలతో ఆ కొట్టు పెట్టుకుని, దానిమీదే బతికింది. చుట్టూ బెంగాలీ దుకాణాలు, నడుమ ఆమె మినపరొట్టి. మందపాటి మూకుట్లో నూనె వేసి, పిండి గరిటెలతో పోసి, మూత పెట్టి, సన్నటి సెగ మీద పాతిక నిమిషాలు వదిలేస్తుంది. అడుగున ఎర్రటి పెచ్చు కరకరలాడాలి, లోపల దూదిలా ఉండాలి. ఆ పాతిక నిమిషాలూ గణపతిరావు బల్ల మీద కూర్చుని, మూతవైపు భక్తిగా చూస్తుంటాడు.

ఇప్పుడు లెక్క మీకే తెలిసిపోయింది. రొట్టికి పాతిక నిమిషాలు. పార్కింగుకి పావుగంట.

మొదటి రోజు టోని వచ్చి చీటీ ఇచ్చినప్పుడు గణపతిరావు నవ్వి, జేబులోంచి రైల్వే పెన్షనర్ల పాసు తీసి చూపించాడు. రైల్వేవాడికి అదొక అలవాటు. ఎవరు ఏ టికెట్ అడిగినా చెయ్యి పాసు మీదికే పోతుంది. పెళ్ళికి వెళ్ళినా గుమ్మం దగ్గర ఆపితే పాసే తీస్తాడు!

“కన్యాకుమారి దాకా సెల్లుతాది ఇది” అన్నాడు.

“కన్యాకుమారిలో సెల్లుతాది సార్” అని టోని ఒప్పుకున్నాడు. “ఇందాలో సెల్లదు. ఇది రైల్వే జాగా కాదు గదా.”

గణపతిరావు డబ్బు కట్టాడు. కట్టినందుకు బాధపడలేదు. కానీ తల తిప్పి చూస్తే మిగతా బల్లలు ఖాళీ! పావుగంట కాగానే టోని విజిల్ వినబడుతుంది, రొట్టి ఇంకా తిరగెయ్యనైనా తిరగెయ్యరు, జనం లేచి బండ్లెక్కి పోతారు. కొన్నాళ్ళకి రావడమే మానేశారు.

“ఏటి సెయ్యమంటారు అన్నియ్యా!” అంది అప్పలకొండ, అట్లకాడ పట్టుకుని. “నిన్న ఒక బెంగాలీ దాదా పచ్చిపిండే గిన్నెలో పోయించుకుని పట్టుకెల్పోనాడు. ఇంటికాడ కాల్చుకుంటాడంట!”

“పోనీ మంట పెంచి సూడరాదేటమ్మా?”

“పెంచితే అడుగు మాడిపోద్ది, లోపల పచ్చిగుంటాది. రొట్టిని తొందరపెట్టడానికి ఇదేమన్నా మీ గూడ్సు బండా? దుర్గాపూజల దాకా సూస్తాను. అప్పటికీ బేరం ఇలగే ఉంటే కొట్టు కట్టీసి పలాస మా అప్ప కాడికి ఎల్పోతాను. జీడిపిక్కలు కొట్టుకుని బతుకుతాను.”

గణపతిరావు మూతవైపు చూడడం మానేశాడు. అప్పలకొండ పలాస వెళ్ళిపోతే? ఈ వయసులో ఆమె జీడిపిక్కలు కొట్టుకోవడమా? అది ఒక బాధ. ఇక తనకు ప్రతి ఉదయం, ప్రాణం పోయేదాకా, ఓట్సేనా? అది ఇంకో బాధ. ఏ బాధ పెద్దదో ఆయన నాకు చెప్పలేదు, నేనూ మర్యాదకొద్దీ అడగలేదు.

ఆ రోజు ఆయన చీటీని నాలుగైదుసార్లు చదివాడు. రైల్వేలో పనిచేసినవాడు ఏ కాగితాన్నైనా వెనకవైపు నుంచి చదవడం మొదలుపెడతాడు. వెనక సన్నటి అక్షరాల్లో ఉంది: ఉచిత సమయం గడికి పావుగంట.

గడికి!

“టోనీ, ఇలా రా. ఆరో గడిలో బండి ఏడో గడిలోకి మార్చినాననుకో. అప్పుడేటి?”

టోని మెషీన్ వంక చూశాడు, ఆకాశం వంక చూశాడు, మేడమీద ఆఫీసుకి ఫోన్ చేశాడు. “కొత్త గడి, కొత్త సీటీ, కొత్త పావుగంట అంటన్నారు సార్. మెషీను అలగే సేస్తాది. నానేటి సేస్తాను?”

గణపతిరావు కళ్ళల్లో ఏడేళ్ళ తర్వాత యార్డు దీపాలు వెలిగాయి. గూడ్సు షెడ్డులో వ్యాగన్‌కీ ఇలాగే కొంత గడువు ఉంటుంది, అది దాటితే జరిమానా. ఆ గడువులతో ఆయన ముప్పై ఆరేళ్ళు కాపురం చేశాడు. వెంటనే ఎబినేజర్‌కి కబురు పెట్టాడు. ఎబినేజర్ వర్క్‌షాపులో లిఫ్టింగ్ షాపు మిస్త్రీ. పాడైన రైలు బోగీలను చక్రాల మీంచి ఎత్తి కింద పెట్టడమే అతని కొలువు. రిటైరై ఇంట్లో కూర్చున్నాక ఎత్తడానికేమీ లేక మనవల్ని ఎత్తుతున్నాడు.

“ఒరే ఎబినేజరూ, బండి ఆగకూడదంతే గదా ఈళ్ళ బాధ? ఆపొద్దు. సంటింగ్ సేద్దాం!”

మర్నాడే మొదలైంది. ఎబినేజర్ తన షాపు వాళ్ళని ఆరుగుర్ని పట్టుకొచ్చాడు. అందరూ రిటైరైనవాళ్ళే, అందరికీ ఇంట్లో ఓట్సే. టిఫినుకి వచ్చినవాళ్ళు బండి తాళాలు అప్పలకొండ తలుపుకి కొట్టిన మేకులకు తగిలించి, హాయిగా బల్లమీద కూర్చోవాలి. పద్నాలుగో నిమిషంలో గణపతిరావు విజిల్ ఊది పచ్చజెండా ఊపుతాడు. వరసలో ఉన్న బండ్లన్నీ ఒక్కో గడి ముందుకి జరుగుతాయి. ఇరవై రెండో గడిలో ఉన్న బండి మాత్రం రోడ్డంతా చుట్టి వచ్చి మొదటి గడిలో చేరుతుంది. టోని వరసగా అందరికీ కొత్త చీటీలు ఇస్తాడు. మళ్ళీ పద్నాలుగు నిమిషాలకి మళ్ళీ విజిల్!

ఇందులో ఎన్ని లాభాలున్నాయో చూడండి. రోజూ పొద్దున్నే స్కూటర్లు తోసి తోసి గణపతిరావుకి షుగరు తగ్గింది. రాధారాణి రిపోర్టు చూసి మురిసిపోయి, ఓట్స్ ఇంకో గరిటె ఎక్కువ పెట్టడం మొదలుపెట్టింది. ఎబినేజర్ నడుంనొప్పి పోయింది. మనుషుల మధ్య సఖ్యత పెరిగింది. సుభాష్‌పల్లి హెడ్‌మిస్ట్రెస్ దీదీది, చేపలమ్మే ఒక దాదాది ఒకే ఎర్రరంగు స్కూటీలు. షంటింగులో మారిపోయాయి. దీదీ బడికి వెళ్ళి డిక్కీ తెరిస్తే రెండు కేజీల ఇలీష్ చేప. దాదా బజారులో డిక్కీ తెరిస్తే పదో తరగతి జవాబు పత్రాలు. ఆయన కొన్ని దిద్ది కూడా పెట్టాడట, మార్కులు ధారాళంగా వేశాడని పిల్లలు చెప్పుకున్నారు!

మరి రద్దీ? రద్దీ మూడింతలైంది. ఎందుకవదు? పద్నాలుగు నిమిషాలకొకసారి వరసంతా ఒక్కసారిగా కదిలితే, అవతల ఆటోలు, బస్సులు, టోటోలనే బ్యాటరీ రిక్షాలు ఎక్కడివక్కడ నిలబడి హారన్లు మోగించేవి. కానీ అందులోనూ మేలే! జామ్‌లో చిక్కుకున్న ఆటోవాళ్ళు ఏం చెయ్యాలో తోచక దిగి వచ్చి మినపరొట్టి తినేవారు. పాతిక నిమిషాలు పట్టే రొట్టికి అరగంట పట్టే జామ్, ఇంతకన్నా కుదిరిన పొత్తు ఏముంటుంది? అప్పలకొండ రెండో మూకుడు కొంది. పలాస మాట ఎత్తడం మానేసింది.

కానీ రద్దీ నివారణ కమిటీకి కళ్ళుంటాయి. అవి మేడమీద ఉంటాయి కాబట్టి బాగా కనబడుతుంది కూడా. పూజలు ఇంకో మూడు వారాలున్నాయనగా బోర్డు మీద నోటీసు అంటించారు. కొందరు ఉచిత సమయాన్ని దుర్వినియోగం చేస్తున్నారు కాబట్టి, పై అధికారి కలకత్తా నుంచి సోమవారం తనిఖీకి వచ్చినప్పుడు ఆ పావుగంట రద్దు విషయం తేల్చేస్తారు. రద్దీకి కారణమైన టిఫిను కొట్టు విషయం కూడా అప్పుడే.

అప్పలకొండకి నోటీసు చదివి వినిపించింది గణపతిరావే. ఆమె కొత్త మూకుడు కడిగి బోర్లించింది. అది ఆయనకు ఏ తిట్టుకన్నా ఎక్కువగా తగిలింది. ఇదంతా నా వల్లే, నా జెండా వల్లే అనుకుని ఆ శనివారం రొట్టి సగం వదిలేశాడు.

పక్క బల్ల మీద రష్మిత అనే అమ్మాయి కూర్చుని ఉంది. వరంగల్ పిల్ల, ఇక్కడి ఇంజినీరింగ్ సంస్థలో ట్రాఫిక్ మీద పరిశోధన చేస్తోంది. మూడు రోజులుగా రొట్టి తింటూ నోటుబుక్కులో ఏదో గీస్తోంది.

“అంకుల్, ఒక మాట అడగనా? మీరు అన్ని బండ్లు జరుపుతున్నరు గదా. ఆ తెల్లకారు ఎందుకు జరపరు?”

“ఏ తెల్లకారమ్మా?”

“గదే, తొమ్మిది, పది, పదకొండు గళ్ళల్ల అడ్డంగ పెట్టిన్రు చూడుండ్రి. పొద్దుగాల తొమ్మిదింటికి వస్తది, సాయంత్రం ఆరింటిదాక కదలదు. మీరు షంటింగ్ చేసినా చెయ్యకున్నా జామ్ దాని దగ్గర్నే మొదలైతుంది. బస్సు మలగాలంటే జాగ ఉండదు అక్కడ. మీ షంటింగ్ దానికి తోడైంది, అంతే.”

గణపతిరావు తల తిప్పి చూశాడు. ఆరు నెలలుగా ఉంది ఆ కారు. దాని ముందు బంపరుకి ‘ఆన్ డ్యూటీ’ అని బోర్డు ఉంది. అది కన్వీనర్‌గారి సొంత కారు. రద్దీ నివారించడానికి ఆయన రోజూ అందులోనే వస్తారు. బోర్డు ఉంది కాబట్టి టోని దాని దగ్గరికి వెళ్ళడు. డ్రైవరు తాళాలు జేబులో వేసుకుని సాయంత్రం దాకా కనబడడు. దాన్ని చుట్టి వెళ్ళడం అలవాటైపోయి, ఊళ్ళో ఎవరికీ అది కారులా అనిపించడం మానేసింది.

తక్కినవాళ్ళ సంగతి సరే, యార్డ్ మాస్టర్‌కి కూడా కనబడకపోవడమా! గణపతిరావు సిగ్గుతో చచ్చిపోయాడు. యార్డులో కదలని బండి ఉంటే అది ఎందుకు కదలదో రాసి పెట్టాలి. ఇంజను లేదని, సరుకు దిగలేదని, ఏదో ఒకటి. ఏ కారణమూ లేకుండా కదలడం లేదంటే దానికి జబ్బు చేసినట్టు. అటువంటి బండికి ‘సిక్’ అని సుద్దతో రాసి వదిలేస్తారు. వదిలేశాక అది వర్క్‌షాపు వాళ్ళ పని.

సోమవారం ఉదయం కారు ఎప్పటిలాగే వచ్చి అడ్డంగా పడుకుంది. గణపతిరావు దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. జేబులో సుద్దముక్క ఉంది. ఒట్టేసి చెబుతున్నాను చదువరులారా, ఆయన మనసులో కుట్ర ఏమీ లేదు. ముప్పై ఆరేళ్ళ అలవాటు చేతిలో ఉంటుంది, తలలో కాదు. తలుపు మీద ఇంగ్లీషులో ‘సిక్’ అని రాసి, పక్కన ఇంటూ గుర్తు పెట్టి, మనసు కాస్త తేలికపడి, లోపలికి వెళ్ళి టీ తాగాడు.

ఆయన టీ తాగడానికి ఇరవై నిమిషాలు పట్టింది. తిరిగి వచ్చేసరికి కారు లేదు.

“ఎబినేజరూ! కారేదిరా?”

ఎబినేజర్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ పక్క సందు చూపించాడు. అక్కడ కన్వీనర్‌గారి కారు నాలుగు ఇటుకల దొంతుల మీద ప్రశాంతంగా కూర్చుని ఉంది. జాకీలతో ఎత్తి, ఇనప గొట్టాల మీద దొర్లించుకుని తీసుకుపోయారు. చక్రాలు ఊడదీసి గోడకి ఆనించారు. బోల్టులు పేపరు మీద వరసగా పేర్చారు. ‘ఆన్ డ్యూటీ’ బోర్డుతో సహా విడి సామానంతా సంచిలో కట్టి చీటీ తగిలించారు.

“ఓరి నీ ఇల్లు బంగారం గానూ! ఎవరు సెయ్యమన్నార్రా నిన్ను?”

“నువ్వే గదా గురూ సిక్ అని రాసినావు. సిక్ అని రాస్తే ఎత్తాలా, అక్కర్నేదా?”

“ఎవల్దో అడగొద్దేటిరా!”

“నలభై ఏళ్ళల్లో ఏనాడైనా బోగీని పట్టుకుని ఇది ఎవల్దని అడిగినామేటి?” అన్నాడు ఎబినేజర్, నిజంగానే నొచ్చుకుని. మిగిలిన ఆరుగురూ కూడా తలలూపారు. ఏడుగురి మొహాలూ పెళ్ళికొడుకుల్లా వెలిగిపోతున్నాయి.

గణపతిరావుకి పోలీసు కేసు, స్టేషను, రాధారాణికి తెలియడం, మార్నింగ్ వాక్ రహస్యం బయటపడడం, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. అన్నిటికన్నా ముందు అప్పలకొండ కొట్టు. ఇక దాన్ని దేవుడు కూడా కాపాడలేడు!

అంతలో రోడ్డు మీద ఒక విచిత్రం జరిగింది. చప్పుడు ఆగిపోయింది.

హారన్లు లేవు. బస్సు వచ్చింది, మలుపు తిరిగింది, వెళ్ళిపోయింది. వెనకే ఆటోలు వచ్చాయి, అవీ వెళ్ళిపోయాయి. ఉదయం పది గంటలకి ఇందా బజారు రోడ్డు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఖాళీగా కనబడింది. దుకాణాల వాళ్ళు కంగారుపడి బయటికొచ్చారు. “ఆజ్ కి బంద్ నాకి?” అని ఒకాయన అడిగాడు. ఇవాళ బంద్ అనుకుని ఇద్దరు ముగ్గురు షట్టర్లు సగం దించేశారు కూడా!

సరిగ్గా అప్పుడే కన్వీనర్‌గారు పై అధికారిని వెంటబెట్టుకుని మేడ దిగారు. అధికారి రోడ్డు చూసి నిలబడిపోయాడు.

“అద్భుతం!” అన్నాడు హిందీలో. “ధర పెడితే రద్దీ తగ్గుతుందని పుస్తకాల్లో చదివాను. ఇదిగో, కళ్ళెదుట చూస్తున్నాను!” కన్వీనర్‌గారి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. కన్వీనర్‌గారు నవ్వబోయి, తొమ్మిదో గడి వైపు చూసి, నవ్వు సగంలో ఆపేశారు. పదో గడి చూశారు. పదకొండు చూశారు. మళ్ళీ తొమ్మిది చూశారు.

“ఇంత బాగా పనిచేస్తుంటే ఉచిత పావుగంట దండగ. ఇవాళే తీసెయ్యండి” అని అధికారి కొనసాగించాడు. “ఆ కొట్టు కూడా తీయిస్తే ఇంకో రెండు గళ్ళు వస్తాయి.”

అప్పలకొండకి హిందీ అర్థమవుతుంది. అట్లకాడతో సహా బయటికొచ్చింది.

“సాబ్! దామ్ సే నహీ హువా!” అంది. ధర వల్ల కాలేదని. ఆ తర్వాత హిందీ చాలక బెంగాలీ, అదీ చాలక తెలుగు కలిపి, గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఆరు నెలలుగా మూడు గళ్ళకి అడ్డంగా ఒక తెల్లకారు పడుందనీ, దానికి చీటీ లేదు, పైసా లేదనీ, ఈ పొద్దున్న దాన్ని తీసి సందులో పెట్టేసరికి రోడ్డు దానంతటదే తెరుచుకుందనీ. “కావాలంటే పోయి సూడండి బాబూ! నా రొట్టి అడ్డమా, ఆ కారు అడ్డమా, తవరే సెప్పండి!”

అధికారి సందులోకి తొంగి చూశాడు. ఇటుకల మీద కారు. “ఎవరిదీ బండి?” అన్నాడు.

గణపతిరావు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. కన్వీనర్‌గారు నాదే అంటే ఎబినేజర్ లాకప్పుకి, అప్పలకొండ పలాసకి, తను ఓట్సుకి. ఇంకో దారి లేదు.

కన్వీనర్‌గారు కూడా లోపల లెక్క వేసుకుంటున్నారు. రద్దీ నివారణ కమిటీ కన్వీనర్. రద్దీ వేళ. మూడు గళ్ళకి అడ్డంగా. ఆరు నెలలు. చొక్కా కాలరు సర్దుకున్నారు.

“తెలియదు సార్” అన్నారు. “నాది కాదు.”

గణపతిరావు ఒక కన్ను తెరిచాడు.

“కాదా సార్?” అని టోని తెలుగులో అంటూ ముందుకొచ్చాడు. పాపం, వాడికి నిజంగానే ఆశ్చర్యం వేసింది. “తమరి బండని ఇన్నాళ్ళూ వొదిలేసినాను. ఆపీసు బండి కాకపోతే మాపీ నేదు గదా!” మెషీన్‌లో నెంబరు కొట్టి, మూడు గళ్ళూ కొట్టి, గళ్ళు గీసిననాటి తేదీ కొట్టి, మీట నొక్కాడు.

చీటీ రావడం మొదలైంది. మూరెడు వచ్చింది, బారెడు వచ్చింది. టోని మోకాళ్ళు దాటి నేలమీదికి దిగింది. ఏప్రిల్ నెల దగ్గర కాగితం అయిపోతే రెండో చుట్ట ఎక్కించాడు. అధికారి ఆ చీటీని రెండు చేతులా పట్టుకుని పురాణం చదివినట్టు చదివాడు.

“యజమాని వచ్చి ఇది కట్టేదాకా బండి ఇక్కడే ఉండనివ్వండి” అని ఆజ్ఞాపించాడు. “ఎత్తి పక్కన పెట్టినవాళ్ళకి నా అభినందనలు చెప్పండి.” కన్వీనర్‌గారు ఎబినేజర్‌కి అభినందనలు చెప్పారు. పావుగంట సంగతి, కొట్టు సంగతి తర్వాత చూద్దామని చెప్పి అధికారి రైలెక్కాడు. ఆ సాయంత్రం కన్వీనర్‌గారు షేర్ టోటోలో, ఇద్దరు కూరగాయల వాళ్ళ మధ్య కూర్చుని ఇంటికి వెళ్ళారు.

నాలుగు రోజులు టోటోలో తిరిగాక ఆయన బావమరిది స్కూటర్ అడిగి తెచ్చుకున్నారు. స్కూటర్ కోసం రోజూ పొద్దున్నే బావమరిది ఇంటికి నడిచి వెళ్ళాలి కాబట్టి ఇంట్లో టిఫిను తినే తీరిక లేక, అప్పలకొండ కొట్టు ముందు ఆపి మినపరొట్టి చెప్పారు. పన్నెండో నిమిషంలో మూకుడు మూత కింద నుంచి వాసన బయలుదేరింది. పద్నాలుగో నిమిషంలో గణపతిరావు విజిల్ నోటిదాకా తెచ్చి, ఒక్క క్షణం ఆలోచించి, జేబులో వేసుకుని పేపరు చదువుకోసాగాడు.

పదహారో నిమిషంలో టోని చీటీ తెచ్చి ఇచ్చాడు. రద్దీ వేళ రేటు.

“నేనెవరో తెలుసా?” అన్నారు కన్వీనర్‌గారు.

“నాకు తెలుసు సార్. మెషీనుకి తెల్దు.”

ఆయన డబ్బు కట్టారు. కట్టి, ఇంకా కాలని రొట్టి వైపు, వాచీ వైపు మార్చి మార్చి చూశారు. “ఇంకా పది నిమిసాలు బాబూ” అంది అప్పలకొండ. “దీనికి మీ పావుగంట సాలదు. ఆరు నెలల బట్టి ఆ మాటే సెప్తన్నాను.”

ఆ వారమే నీలం బోర్డు మారింది. ఉచిత సమయం నలభై నిమిషాలు! ప్రజల సౌకర్యాన్ని దృష్టిలో పెట్టుకుని కమిటీ లోతుగా అధ్యయనం చేసిందని కింద రాశారు. అప్పలకొండ బోర్లించిన మూకుడు మళ్ళీ పొయ్యెక్కింది. పూజలకి ఆమె పలాస వెళ్ళలేదు సరికదా, వాళ్ళ అప్పనే ఇక్కడికి పిలిపించి పిండి రుబ్బిస్తోంది.

కాబట్టి చదువరులారా, పార్కింగు ధరల మీద నా నమ్మకం రవ్వంత కూడా సడలలేదు. పెట్టండి, పెంచండి, రెట్టింపు చెయ్యండి. ధర వల్ల రద్దీ తగ్గుతుందా అని ఎవరైనా అడిగితే ఇందా బజారుకి పంపించండి. పందొమ్మిది గళ్ళవాళ్ళు ఆరు నెలలు కట్టినా మారని రూలు, మిగతా మూడు గళ్ళాయన ఒక్కసారి కట్టేసరికి మారిపోయింది.